చీరల లెక్క తప్పిన రాత్రి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. వయసు 26. ఎం.కాం చదివి ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తున్నాను. ప్రేమ కథలు టెన్త్ నుంచి చదువుతున్నాను. రెండేళ్ళుగా ఒక కథల యాప్‌లో మారుపేరుతో సీరియల్స్ రాస్తున్నాను కూడా. పొగరు హీరో, కాంట్రాక్ట్ పెళ్లి, ముందు గొడవ తర్వాత ప్రేమ, చిన్ననాటి బావ, ఈ ట్రోప్‌లంటే (కథ కథకీ మళ్ళీ మళ్ళీ వచ్చే మలుపులు) నాకు పిచ్చి. మా అన్న ఒకరోజు నా ఫోన్ చూసి "అన్నీ ఒకే కత కదమ్మే, పేర్లు మార్చి రాస్తాండావు" అని నవ్వినాడు. రోషమొచ్చి, పోయిన సీరియల్ చివర్లో హీరోని చంపేశాను. పాఠకులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టి తిట్టారు. ఒకామె రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదంట. ఇప్పుడు రాస్తున్నది 34వ భాగం దగ్గర ఆగిపోయింది, చెయ్యి రావడం లేదు.

ఇంకో సంగతి. నాకు సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్లి. ఆయనకి కర్నూల్లో ఉద్యోగం. అందరూ మంచోడే అంటున్నారు. రోజూ రాత్రి "తిన్నావా?" అని మెసేజ్ పెడతాడు. "తిన్నా" అంటాను. అంతే. ఈ కథలు చదివీ చదివీ నేనే లేనిపోనివి ఆశిస్తున్నానా? ఒకే కథని వందసార్లు ఇష్టపడటం నా బుద్ధిలో లోపమా? రాస్తానన్న సంగతి ఆయనకి చెప్పాలా?
పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మాయ్, నువ్వు మేడమ్ అన్నావు కానీ ఈ వయసులో నిన్ను మీరు అని పిలవడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. ఉత్తరంతో పాటు నీ సీరియల్ లింకు కూడా పంపావు కదా, రాత్రి అన్నం తిన్నాక రెండు భాగాలు చూద్దాంలే అని తెరిచాను. ఫోన్ పక్కన పెట్టేసరికి ఒంటిగంట. కళ్ళజోడు నంబరు మార్చుకోమని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది, నీ పుణ్యమా అని ఇక పోక తప్పదు. నీ కథ గురించి ఒక మాట ఉంది, అది చివర్లో అడుగుతాను. ముందు మీ అన్న లెక్క తేల్చాలి.

సీమలో పుట్టాడు కాబట్టి మీ అన్న ఫ్యాక్షన్ సినిమాలు చూడకుండా పెరిగి ఉండడు. సుమోలు గాల్లోకి లేవడం ఎన్నిసార్లు చూసుంటాడు? "ఈ సుమో పోయిన సినిమాలో కూడా లేచింది కదరా" అని ఒక్కసారైనా హాల్లోంచి లేచి వచ్చాడా? లేస్తుందని తెలిసే పోయాడు, ఈసారి ఎట్లా లేస్తుందో చూడటానికి పోయాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళు రామాయణం ఆడుతుంటే, రావణుడు చస్తాడో బతుకుతాడో తెలియక జనం తెల్లవార్లూ కూర్చున్నారా? తెలిసిన కథ మళ్ళీ వినడం లోపమైతే అది అందరిలోనూ ఉంది. ఆడపిల్లలు చదివే కథల దగ్గరికి వచ్చేసరికే "అన్నీ ఒకటే" అన్న మాట బయటికొస్తుంది. ఆ మాట నేను యాభై ఏళ్ళుగా వింటున్నాను.

నువ్వు ట్రోప్ అంటున్నావు. మా రోజుల్లో ఫార్ములా అనేవాళ్ళం, కొంచెం వెక్కిరింపుగా. మా అవ్వ మాత్రం "ఆ కతే సదువు" అనేది.

మా అవ్వకి చదువు రాదు. 1978లోనో 79లోనో, కర్నూలు పాతబస్తీలో ఉండేవాళ్ళం. మా వీధి చివర అద్దె పుస్తకాల బంకు ఉండేది, నవల రోజుకి పావలా. సాయంత్రం అవ్వ కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టేది, నేను పీట మీద కూర్చుని పైకి చదివేదాన్ని. కథ ముదిరే కొద్దీ రొట్టె తట్టే చప్పుడు నెమ్మదించేది. చప్పుడు పూర్తిగా ఆగిపోయిందంటే హీరో వచ్చాడన్నమాట. ఒకరోజు ఒక నవలలో హీరోయిన్‌కి జ్వరమొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. అప్పటిదాకా ఆమెతో తిన్నగా ఒక్క మాట మాట్లాడని మనిషి రాత్రంతా కుర్చీలో కూర్చుని తడిగుడ్డ మారుస్తూ ఉన్నాడు. తెల్లవారేసరికి ఆమె కళ్ళు తెరిస్తే అతను కుర్చీలోనే నిద్రపోతున్నాడు, చేతిలో ఇంకా గుడ్డ ఉంది. అంతే ఘట్టం. ప్రేమ అన్న మాటే రాలేదు అందులో. పొయ్యి మీద రొట్టె మాడి పొగ వచ్చింది, అవ్వ చూసుకోలేదు.

"మళ్ళా సదువు" అంది.

మళ్ళీ చదివాను. మర్నాడు కూడా అదే చదవమంది. పుస్తకం తిరిగి ఇచ్చేయాలవ్వా అంటే, కొంగు ముడిలోంచి ఇంకో పావలా తీసి ఇచ్చింది. అది చేతిలో పెడుతూ ఒక మాట అంది: "నాకు జరమొస్తే మీ అబ్బ, గంజి యాడుందే అని నన్నే అడిగినాడు."

మా అబ్బ, అంటే తాత, చెడ్డవాడు కాదు. ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. ఆమెకి పదమూడో ఏట పెళ్లయింది, ఆయన పోయేదాకా ఒకే ఇంట్లో బతికారు. ఆ అరవై ఏళ్ళలో ఆమె ముఖం చూసి "నీకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగే పని ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు. కథల్లో హీరో అందగాడా, డబ్బున్నోడా అన్నది ఆమెకి పట్టలేదు. తనని ఎవరో గమనించారు అన్న ఒక్క సంగతి కోసం పావలా ఇచ్చింది. నువ్వు చదివే కథల్లో కూడా జ్వరం ఘట్టం రాకుండా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడు. నీ సీరియల్‌లో అది 19వ భాగం. థర్మామీటర్ బదులు స్మార్ట్‌వాచ్ పెట్టావు, అంతే తేడా.

(వారపత్రికల్లోంచి చింపి దారంతో కుట్టుకున్న సీరియల్ కట్టలు నా దగ్గర చాలా ఉండేవి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర మా వీధిలోకి వచ్చినప్పుడు అన్నీ పోయాయి. బీరువా పోయిందని అంత ఏడవలేదు.)

సరే, ఇక నీ ట్రోప్‌ల దగ్గరికి వస్తాను. మన ఊళ్ళలో ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలంటే ఏదో ఒక పని ఉండాలి. జిరాక్స్ షాపు, నోట్సు, చుట్టాల పెళ్లిలో వడ్డన. ఊరికే మాట్లాడుకుంటున్నాం అంటే ఒప్పుకునే వీధి ప్రొద్దుటూరులో లేదు, కర్నూల్లోనూ లేదు. కథలో కూడా అంతే. ట్రోప్ అంటే నా లెక్కలో సాకు. కాంట్రాక్ట్ పెళ్లి ఒక సాకు. వానకి చిక్కుకోవడం సాకు. ఒకే ఆఫీసు సాకు. ఆస్తి కావాలంటే ఫలానా పిల్లనే చేసుకోవాలని తాత రాసిన వీలునామా మరీ పెద్ద సాకు. (అంత తీరుబడిగా వీలునామా రాసే తాత నాకైతే సీమలో తగల్లేదు. మనవాళ్ళు అసలు రాయరు, కోర్టుల్లో సగం కేసులు అందుకే.)

సాకు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడుతుంది. అది సగం పనే. మిగతా సగం ఇంకా ముఖ్యం: ఆ అమ్మాయి మీద తప్పు పడకుండా చేస్తుంది. "నాకు అతను కావాలి" అని నోరు తెరిచి అనగలిగిన ఆడపిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది? కాంట్రాక్ట్ పెళ్లిలో ఆమె ఏమీ కోరుకోలేదు, నాన్న ఆపరేషన్‌కి డబ్బు కావాలి కాబట్టి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఏం జరిగినా "నేను కోరి తెచ్చుకోలేదు, అట్లా జరిగిపోయింది" అనుకోవచ్చు. చదివే ఆమె కూడా తన తరఫున అదే అనుకుంటుంది. కోరికని కోరికలా కాకుండా దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చుకునే ఉపాయం అది. నీ తరం కొంచెం ధైర్యంగా ఉంది, అయినా ఆ కథలు ఇంకా నడుస్తున్నాయంటే ఆ దొడ్డిదారి అవసరం ఇంకా తీరలేదనే కదా.

ఇప్పటి కథల్లో కోటీశ్వరులు ఎక్కువయ్యారని విసుక్కుంటారు. మా కాలంలోనూ ఉన్నారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని తలుచుకుని నిట్టూర్చని కాలేజీ పిల్ల మా హాస్టల్లో లేదు. 1976లో అది సినిమాగా వచ్చేనాటికే ఆ మేడ, ఆ కారు, ఆ ఆరడుగుల మనిషి మీద జోకులు కూడా తయారయ్యాయి. ఆ డబ్బు మీద ఆడవాళ్ళకి ఆశ అనేవాళ్ళు. నాకైతే లెక్క వేరేగా కనబడుతుంది. బంగారు అంగళ్ళ ఊరు మీది, నీకే బాగా తెలియాలి. కట్నం తీసుకోకూడదని 1961లో చట్టం వచ్చింది. ఇప్పటికీ పెళ్లి చూపుల్లో మొదట తేలేది తులాలే. కట్నం అడగని మొగుడు కథలోకి కావాలంటే, నమ్మేటట్టు రాయాలంటే, వాణ్ని కోటీశ్వరుణ్ణి చేయడం ఒక సులువైన దారి. ఆ కారు మీద కన్నా కట్నం ఊసెత్తని ఆ నోటి మీదే పాఠకురాలికి మోజు అని నా అనుమానం.

బావ కథలు కూడా అలాంటివే. ముక్కూ మొహం తెలియని ఇంటికి పోవాలన్న భయం పెళ్లి కావాల్సిన ప్రతి పిల్లకీ ఉంటుంది. బావ ఇంట్లో వంటగది ఎక్కడుందో, అత్త ఎప్పుడు కోప్పడుతుందో ముందే తెలుసు. మేనరికాల వల్ల పిల్లలకి జబ్బులు వచ్చే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు కాబట్టి, బావని ఎదురింటి అబ్బాయిగా మార్చి రాస్తే బాగుంటుంది. కథకి లోటేమీ రాదు.

ఇక ముందు గొడవ తర్వాత ప్రేమ. దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టి రాస్తున్నది దీన్నే. నువ్వు 34వ భాగం దగ్గర ఆగిపోయానన్నావు. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' నవలలో మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ అనే ఆ పొగరుబోతు మొదటిసారి "నిన్ను ప్రేమిస్తున్నాను, పెళ్లి చేసుకో" అని అడిగేది సరిగ్గా 34వ అధ్యాయంలో! అడగడం కూడా, మీ వాళ్ళు మాకు తగినవాళ్ళు కాదు అయినా సరే అన్న ధోరణిలో అడుగుతాడు. ఎలిజబెత్ మొహం మీదే కాదు పొమ్మంటుంది. ఇంకా 27 అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. ఆ 27లో ఏం జరుగుతుంది? అతను మారతాడు. తను అన్న మాటలకి సిగ్గుపడతాడు. ఆమె చెల్లెలు చిక్కుల్లో పడితే ఎవరికీ చెప్పకుండా డబ్బు పెట్టి గట్టెక్కిస్తాడు, ఆమెకి తెలియకూడదనే చూస్తాడు. ఆమె కూడా తను తొందరపడి ఏర్పరచుకున్న అభిప్రాయం తప్పని ఒప్పుకుంటుంది. గొడవ నుంచి ప్రేమకి మధ్య అంత దారి ఉంది. ఇప్పుడు యాప్‌లో వచ్చే చాలా కథల్లో ఆ దారి ఉండదు. పదో భాగంలో గోడకి అదిమి అరుస్తాడు, పదకొండులో ఆమె గుండె వేగంగా కొట్టుకుంటుంది. భయానికి కూడా గుండె వేగంగా కొట్టుకుంటుంది కదమ్మా. ఆ తేడా రాసేవాళ్ళు చూపించకపోతే చదివే పదహారేళ్ళ పిల్లకి ఎవరు చూపిస్తారు?

పగవాడి కూతురు కథ కూడా ఫ్యాక్షన్ సినిమాలతో పుట్టిందనుకోకు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన, నంద్యాల కృష్ణమరాజుకి 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చిన ఆ సూరనే, 'ప్రభావతీ ప్రద్యుమ్నం' రాశాడు. వజ్రనాభుడనే రాక్షస రాజు ఊళ్ళోకి గాలి కూడా అడగకుండా పోలేదు. అతణ్ని చంపాల్సిన కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడు నాటకాల వాళ్ళతో కలిసి వేషగాడిగా లోపలికి పోతాడు. వజ్రనాభుడి కూతురు ప్రభావతి మీద ముందే మనసు. మధ్యలో రాయబారానికి శుచిముఖి అనే హంస. శత్రువుల ఇల్లు, దొంగ వేషం, మధ్యవర్తి, మూడు ట్రోప్‌లూ ఒక్కచోటే ఉన్నాయి. అర్జునుడు సుభద్ర కోసం దొంగ సన్యాసి వేషం వేస్తే, ఆ సన్యాసికి సేవ చేయడానికి సుభద్రనే పంపారు. ఇంతకన్నా గట్టి సాకు ఏ యాప్‌లోనైనా చదివావా?

పొగరు హీరో గురించి నిన్ను తిట్టబోవడం లేదు, నాకూ ఇష్టమే. అహోబిలం వెళ్ళావా? మీకు దూరమేమీ కాదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చినా కోపం చల్లారని నరసింహుడు ఆ నల్లమల అడవిలో చెంచు పిల్లని చూసి మెత్తబడ్డాడని కథ. చెంచులు ఇప్పటికీ ఆయన్ని తమ ఇంటి అల్లుడు అంటారు. సంక్రాంతి పండగకి పారువేట మొదలై, నలభై రోజులకి పైగా ఉత్సవ విగ్రహం పల్లకిలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది, తన పెళ్లికి తనే జనాన్ని పిలవడానికి. సింహం మొహం, గోళ్ళు, అగ్గి లాంటి కోపం ఉన్న దేవుడు ఊరూరా తిరిగి "మా పెళ్లికి రండి" అంటాడు చూడు, నాకు అందులోనే మొత్తం పొగరు హీరో కనబడతాడు. ఆ కోపం ఎవరి మీద? రాక్షసుడి మీద. చెంచు పిల్ల మీద కాదు. ఆమె దగ్గర ఆయన చేతులు కట్టుకునే నిలబడ్డాడు, చెంచులు పెట్టిన పరీక్షలన్నీ కిక్కురుమనకుండా చేశాడని చెప్పుకుంటారు. నీ హీరోకి ఎంత కోపమైనా పెట్టు. అది ఆమె వైపు తిరిగిన రోజున అది ప్రేమకథ కాకుండా పోతుంది. నీ 7వ భాగంలో అతను ఆమె ఫోన్ లాక్కుని గోడకి కొట్టాడు, నువ్వేమో దాన్ని అసూయ అన్నావు. అది తీసేయి. ఆ ఒక్క చోట నీతో నాకు గొడవ ఉంది.

హీరోని చంపినందుకు తిట్లు పడ్డాయన్నావు. పాఠకుల భాష బాగాలేదు, కానీ వాళ్ళ బాధ న్యాయమైనదే. ఉగ్గాని బజ్జి అని బోర్డు పెట్టి, జనాన్ని ఆకలితో గంట కూర్చోబెట్టి, చివరికి ఉప్మా వడ్డిస్తే ఊరుకుంటారా? ఉప్మా మంచిదే, అడిగింది అది కాదు. అమెరికాలో రొమాన్స్ రచయితలు తమ సంఘం తరఫున ఈ రకం నవలకి పెట్టుకున్న నిర్వచనంలోనే రెండు షరతులు ఉన్నాయి: ప్రేమ కథ మధ్యలో ఉండాలి, ముగింపు తృప్తినీ ఆశనీ ఇవ్వాలి. అలాగని విషాదం రాయకూడదని కాదు. 1953లో 'దేవదాసు' చూడటానికి పోయినవాళ్ళు చేతిరుమాలు పెట్టుకునే పోయారు. ముందే తెలియాలి, అంతే. రాత్రి పదింటికి గిన్నెలు తోమి, పిల్లల్ని పడుకోబెట్టి, ఫోన్ వెలుతురు తగ్గించుకుని నీ కథ తెరిచే ఆమెకి రోజంతా ఏం జరుగుతుందో తెలియని టెన్షనే. చివరికి ఏం జరుగుతుందో తెలిసిన చోటు నీ కథ ఒక్కటే. అక్కడ కూడా చంపేశావు. ఇంకోసారి చంపాలనిపిస్తే మొదటి భాగంలోనే ఫోటోకి దండ వేసి చూపించు.

మీ అన్న మాటలో నిజం అసలు లేదా అంటే, కొంచెం ఉంది. ట్రోప్ అరువు తెచ్చుకోవచ్చు, ఎవరి సొత్తూ కాదు. ఊరు మాత్రం అరువు తెచ్చుకోకూడదు. నీ హీరో బెంగుళూరులో కంపెనీ సీఈఓ. అతని ఆఫీసులో ఏ పని జరుగుతుందో 34 భాగాల్లో నాకు తెలియలేదు, నీకు కూడా తెలుసని నేను అనుకోను. ఇద్దరూ వానకి చిక్కుకుని హోటల్‌కి పోతే ఒకే గది ఖాళీ ఉందంట. జమ్మలమడుగు లాడ్జిలో అడిగి చూడు ఒకే గది! ముందు ఇద్దరి ఆధార్ కార్డులు అడుగుతారు, తర్వాత ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. తెల్లారి మొదటి బస్సు ప్రొద్దుటూరు చేరకముందే కబురు మీ ఇంటికి చేరుతుంది. అసలు అది రాసినా బాగుంటుంది, నవ్వొస్తుంది.

మనకి సాకులు తక్కువా? నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కి పోయిన ఇద్దరు ఒకే మెటీరియల్ పంచుకుంటే చాలదా? ఒకరికి ఉద్యోగం వచ్చి ఇంకొకరికి రాకపోతే కథ ఎక్కడికి పోతుందో చూడు. అనంతపురం వైపు రెండు చీనీ (బత్తాయి) తోటలకి మధ్య ఒకే బోరు ఉందనుకో. ఎండాకాలం నీళ్ళ వంతు దగ్గర రెండిళ్ళకీ మాటల్లేవు. ఆ ఇంటి అబ్బాయి, ఈ ఇంటి అమ్మాయి అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి వస్తారు. పగ కావాలంటే బాంబులూ సుమోలూ అక్కర్లేదు, మూడించుల పైపు చాలు. రాత్రి కలవడానికి సాకు కావాలంటే కథని రైతుకి రాత్రిపూట కరెంటిచ్చిన రోజుల్లో పెట్టు.

ఇక ఆ "తిన్నావా?" అబ్బాయి. ఏదో ఒక ట్రోప్‌లో అతణ్ని ఇరికించి నిన్ను ఊరడించవచ్చు. మాటలు రాని మంచి మనసు, మెల్లగా రగిలే ప్రేమ, ఇంకేదో. నేనా పని చేయను. మాట్లాడని మగవాళ్ళందరూ లోపల సముద్రాలు దాచుకుని ఉండరు, కొందరు నిజంగానే చెప్పడానికి ఏమీ లేక ఊరుకుంటారు. అతను ఏ రకమో నాకు కర్నూల్లో కూర్చుని తెలియదు, మీ పెద్దవాళ్ళకీ తెలియదు. నువ్వే కనుక్కోవాలి, మాఘం లోపల. "తిన్నా" అని ఆపేస్తే కనుక్కోవడం ఎట్లా? ఏం తిన్నావో చెప్పు, ఎందుకు సహించలేదో చెప్పు, షాపులో ఎవరు విసిగించారో చెప్పు. అతను తర్వాతి ప్రశ్న అడుగుతాడేమో చూడు. అవ్వ పావలా ఇచ్చింది ఆ తర్వాతి ప్రశ్న కోసమే కదా. నువ్వు ఆశిస్తున్నది లేనిపోనిది కాదు. కారు, మేడ, ఆరడుగులు ఆశిస్తున్నానని నువ్వు రాయలేదు. రెండో మాట మాట్లాడితే బాగుండు అన్నదే నీ ఉత్తరంలో నాకు వినబడింది.

రాస్తానన్న సంగతి పెళ్లికి ముందే చెప్పు. మెసేజ్‌లో కాదు, ఫోన్ చేసి చెప్పు. ఒక భాగం చదవడానికి పంపు. మెచ్చుకుంటాడా లేదా అన్నది వదిలేయి, మెచ్చుకోవడం సులువు. చదివాడా లేదా చూడు. చదివినవాడు ఏదో ఒక చిన్న సంగతి పట్టుకుని అడుగుతాడు. నవ్వినా పర్వాలేదు, మీ అన్న కూడా నవ్వాడు కదా, అయినా ఫోన్ లాక్కోలేదు. "పెళ్లయ్యాక ఇవన్నీ ఎందుకులే" అన్నాడంటే మాత్రం ఆ మాట మనసులో పెట్టుకుని కుమిలిపోకు, అదే రోజు మీ అమ్మకి చెప్పు. నీ జీతం, నీ ఫోన్, నీ ఉద్యోగం గురించి కూడా అదే ఫోన్‌లో అడిగేయి. ఇవి అడిగితే సంబంధం చెడిపోతుందని మీ ఇంట్లో ఎవరైనా అంటే, అడిగినందుకు చెడేదయితే ముందే చెడటం నయం అని నా పేరు పెట్టి చెప్పు. నాకు అలవాటే.

ఇప్పుడు నీ కథ. 34 భాగాల్లో నేను కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివింది ఒక్క చోటే. 11వ భాగం. సీఈఓ గారు ఊళ్ళో లేరు. హీరోయిన్ పాత స్నేహితురాలు ఒక బట్టల షాపులో పని చేస్తుంటుంది, శ్రావణమాసం ముందు రాత్రి స్టాకు లెక్క. పట్టు ఒకవైపు, సిల్కు ఒకవైపు, అరలన్నీ కింద పరిచి ఉన్నాయి. ఆమె రాస్తుంటే ఒక గుమాస్తా కుర్రాడు లెక్కపెట్టి చెప్తుంటాడు. రెండు వందల పద్నాలుగు అంటాడు. ఆమె పుస్తకంలో రెండు వందల పదహారు. మళ్ళీ మొదట్నుంచి. ఈసారి రెండు వందల పదిహేను. మళ్ళీ మొదట్నుంచి. షట్టరు సగం దించేశారు, ఫ్యాను ఆగిపోయింది, ఓనరు గల్లా మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. మూడోసారి లెక్క మొదలుపెడుతూ ఆ కుర్రాడు రెండు చీరలు తన వెనక్కి జరపడం ఆమె చూస్తుంది. చూసి కూడా "సరిగ్గా లెక్కపెట్టు" అని మాత్రం అంటుంది, పెన్ను మూత తీస్తూ.

మరుసటి భాగంలో సీఈఓ విమానం దిగాడు, కథ అటు పోయింది. ఆ కుర్రాడికి నువ్వు పేరు కూడా పెట్టలేదు. మళ్ళీ ఎక్కడా కనబడలేదు. నేను 34 దాకా చదివింది అతను వస్తాడేమోననే. ఆ స్టాకు లెక్క ఆ రాత్రి చివరికి కుదిరిందా, లేదా?